సమోవార్ వెనక టైలు

మా నజ్రీ పెదనాన్న చాయ్‌ఖానాలో టీ కావాలంటే ముందు ఒక కన్ను మూసుకోవాలి. ఖుజంద్ ఊళ్లో ఇలాంటి చాయ్‌ఖానా ఇంకొకటి లేదు. ఉండకూడదని మా పెద్దమ్మ ప్రార్థన.

గోడనిండా తెల్ల టైల్స్, నడుమ ఒకటి నీలం, మూలన గోడకానించి టీనీళ్లు మరిగే పెద్ద ఇత్తడి సమోవార్. "నీలందాన్నే చూడు. కుడికన్ను మూయి. చుట్టూ గీతలు తిన్నగా ఉన్నాయా? ఇప్పుడు ఎడమది." జవాబు చెప్పేదాకా కెటిల్ వంగదు. ఓసారి పెళ్లికొడుకునీ వదల్లేదు. అతను పాసయ్యాక పెళ్లివారంతా వరసకట్టారు.

"రెండు కళ్లతో చూస్తే పోలా?" అన్నాను.

"మంచికన్ను దొంగదిరా. పక్కదాని తప్పు కప్పేస్తుంది. నా కుడికంటి సంగతి తెలిసేసరికే ఆలస్యమైపోయింది. ఇప్పుడు దాంతో చూస్తే నీకు చెవులుంటాయి, మొహం ఉండదు."

ఈ పరీక్షంటే ఒళ్లుమండేది ఆయన చిన్ననాటి స్నేహితుడు ఉస్తా బరోత్‌కి. ఆ టైల్స్ వేసిన మేస్త్రీ ఆయనే మరి. "నా గీతలు తిన్నగా ఉన్నాయా అని నన్నే అడుగుతావా?" అని ఇంటి నుంచి ఫ్లాస్కు తెచ్చుకుని, అక్కడే కూర్చుని తాగేవాడు.

మొన్న వేసవిలో ఫ్లాస్కు పగిలింది. టీ కోసం ఉస్తా తిట్టుకుంటూ కుడికన్ను మూశాడు. మూసినవాడు మూసినట్టే లేచాడు.

"ఎవడ్రా నా గోడ పాడుచేసింది? నీలందాని పక్కన గీత పాములా మెలికలు తిరిగింది. ఏ పనికిమాలినవాడితో మళ్లీ వేయించావు?"

పెదనాన్న కెటిల్ దించేశాడు. "పద."

"ఎక్కడికి?"

"ఆ మేస్త్రీని పట్టుకోడానికి."

పట్టుకున్నది కంటి డాక్టరమ్మని. వయసుతో వచ్చే జబ్బట. కంటి వెనక, చూపు నిలిచే చోటే నీరు ఊరుతోందట. "ఇంకా ఆగుంటే మచ్చ కట్టేది. ఆ చూపు మళ్లీ రాదు," అందావిడ. నెలనెలా కంట్లో సూది. ప్రతిసారీ పెదనాన్న చాయ్‌ఖానా మూసేసి ఉస్తా వెంట వెళ్లేవాడు. అక్కడ ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నారో ఇద్దరూ ఒప్పుకోరు. డాక్టరమ్మ మానమన్న ఉస్తా సిగరెట్లు మాత్రం పెదనాన్న జేబులోకి చేరాయి, అక్కణ్ణుంచి చెత్తబుట్టలోకి.

నిన్న ఉస్తా మళ్లీ గోడకెదురుగా కూర్చుని కుడికన్ను మూశాడు. మేమంతా టీ పియాలాలు కింద పెట్టేశాం.

"తిన్నగా ఉన్నాయి," అన్నాడు మెల్లగా. అంతలో, తోమడానికి పక్కకి జరిపిన సమోవార్ రోజూ ఉండే చోటికి చూపు పోయింది. మొహం పాలిపోయింది. "లేదురా నజ్రీ. ఆ మూల టైలొకటి వంకర. పద, డాక్టర్ దగ్గరికి."

"కూర్చో. అది నువ్వు వేసిన రోజు నుంచీ వంకరే. ఇన్నేళ్లూ సమోవార్ అక్కడెందుకు పెట్టాననుకున్నావు?"

ఉస్తా ఒక కన్ను మూసి చూశాడు, రెండోది మూసి చూశాడు, రెండూ తెరిచి చూశాడు. తర్వాత పియాలా ముందుకి తోశాడు.

"టీ తర్వాత పోస్తువుగాని. ముందు సమోవార్ మళ్లీ అక్కడికే జరుపు, ఎవరైనా చూస్తారు."