కర్రెగాడి మంద

మా భోపాల్‌పట్నం పల్లెల్లో కరెంటు చుట్టంలా వచ్చిపోయే కాలం అది. పొద్దు గడవాలంటే ఎవరో ఒకరు కోతలు కోయాలి. ఆ పని మా మేనమామ చేసేవాడు. ఇప్పుడు నేను చేస్తున్నాను (ఆయన ఆస్తిలో నాకు దక్కింది అదొక్కటే). ఆ కోతల్లో సగం ఆయన మేకల కుక్క కర్రెగాడి వంశచరిత్రే. వాడి ముత్తాత గోదావరి అవతలి గొల్లల మందలతో నడిచొచ్చాడట. దారిలో పులి ఎదురైతే దాన్నీ తోలి మందలో కలిపేశాడట. పాపం, పులి మొహమాటానికి కొన్నాళ్ళు ఆకులు మేసిందట. చూడబోతే కర్రెగాడిలో అంత వైభవం కనిపించేది కాదు. అతుక్కుపోయిన డొక్కలు, సన్నటి మూతి, నిలబడిన చెవి ఒకటి, వాలిపోయింది ఒకటి, కళ్ళ మీద రెండు పసుపు చుక్కలు. అసలు గుట్టంతా పెంపకంలో ఉంది. మందకు పెట్టదలచిన కూనను కళ్ళు తెరవకముందే మేక పొదుగు కింద పడుకోబెడతారు. ఆ పాలు తాగి, ఆ వాసనలో పెరిగిన కుక్కకు మేకలే తల్లీ చెల్లీ. మొరగడం తక్కువ, కరవడం లేదు. ఏ ప్రాణి విడిగా ఉన్నా మాత్రం ఓర్చుకోలేదు. కర్రెగాడైతే సంతలో బేరాలాడే ఆడవాళ్ళను కూడా మడమల దగ్గర మూతితో పొడిచి ఒకచోటికి చేర్చేవాడు, తిట్లు మామకు పడేవి.

నాకు మీసాలు వస్తున్న రోజుల్లో మామకు చూపు పోతూ వచ్చింది. జగదల్‌పూర్ డాక్టరు ఇక లాభం లేదన్నాక మేకల్ని అమ్మక తప్పలేదు. మామ ఒప్పుకున్నాడు గానీ, కుక్కను ఇచ్చేది లేదన్నాడు.

"అది నీ కుక్క కాదు, మేకల కుక్క. మంద ఎటు పోతే అటే పోతది" అంది అత్త.

 

మేకలు కొన్న సేఠ్ పికప్ బండి తెచ్చిన రోజు కర్రెగాణ్ణి గుంజకు కట్టేశాం. మేకలు బండెక్కవు. సేఠ్ మనుషులు లాగారు, తోశారు. నేనూ పౌరుషం చూపించబోయి, పోతుమేక కుమ్మితే బురదలో కూర్చున్నాను. చివరికి మామే అన్నాడు.

"ఇప్పు అల్లుడా. వాడు లేంది అవి కదలవు."

ఇప్పాను. వాడు ఒక చుట్టు తిరిగేసరికి మేకలన్నీ పెళ్ళివారిలా వరసగా బండెక్కాయి. తలుపు పడింది. వాడు తోక ఊపుకుంటూ మెచ్చుకోలు కోసం మామ ముందు నిలబడ్డాడు. మామ చెయ్యి వాడి తలను వెతుక్కునేలోపే బండి కదిలింది. దాని వెంట కర్రెగాడు, కర్రెగాడి వెంట నేను (వాగు దాకా ఉరికానని చెబుతుంటాను గానీ, మలుపు దగ్గరే చెప్పు తెగింది).

తిరిగొచ్చేసరికి వాన మొదలైంది. మామ లోపలికి పోకుండా, రోడ్డు వైపు చెవి పెట్టి తడుస్తూ నిలబడ్డాడు. "వస్తుండా?" అన్నాడు. లేదన్నాను. కాసేపాగి మళ్ళీ అడిగాడు. అత్త తన కొంగు తీసి ఆయన తల మీద కప్పింది.

పొద్దు వాలుతుండగా కర్రెగాడు వచ్చాడు. ఒళ్ళంతా బురద, కుంటుతున్నాడు. మా వంకైనా చూడకుండా ఖాళీ దొడ్లోకి పోయి మూలమూలా వాసన చూశాడు. బయటికొచ్చి అత్త మడమ పొడిచాడు. తర్వాత నాది. తర్వాత మామది. ఆ వానలో మా ముగ్గుర్నీ మెల్లగా దొడ్లోకి తోలి, తడిక దగ్గర అడ్డంగా పడుకున్నాడు. అత్త కదలబోతే గుర్రుమన్నాడు.

మామ ఆ మేక పెంటికల్లోనే కూలబడి, "కూసో. వానికి మనమన్న మిగిలినం" అన్నాడు.

ఇప్పుడు మామా లేడు, కర్రెగాడూ లేడు. ఈ కథ చెప్పిన ప్రతిసారీ అలవాటు కొద్దీ పెంచబోతాను. సర్పంచినీ, సేఠ్‌నీ కూడా దొడ్లోకి తోలాడని అందామనుకుంటాను. నోరు రాదు. ముగ్గురి దగ్గరే ఆగిపోతాను. తల నెరిసిన కోతల మనిషికి ఇంతకన్నా తలవంపులు ఏముంటాయి చెప్పండి.