పటం ముందు దగ్గు

ఆ మధ్యాహ్నం పటంలోంచి దగ్గినదెవరు? ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ తిరగేస్తూ ముసలివాణ్ణయ్యాను, జవాబు దొరకలేదు. ముందుగా దగ్గింది మాత్రం మా పక్కింటి ఫూ జిషాన్ గారు. ఆయనకున్న పిచ్చి అదొక్కటే. చుట్టి పెట్టిన ఏ చిత్రపటాన్నయినా విప్పే ముందు చెప్పులు విడిచి, గొంతు సవరించుకుని, గట్టిగా దగ్గేవారు.

"లోపల ఎవరెలా ఉన్నారో! చెప్పాపెట్టకుండా చొరబడితే ఏం మర్యాద?" అనేవారు.

లోపలంటే ఆయన గీసిన కొండల్లో. అక్కడ పొగమంచు, వాగు, వంతెన, తలుపు ఓరగా తీసిన గుడిసె ఉంటాయి. మనిషన్నవాడు ఉండడు. కొలువు వదిలేసి మా సూజౌ పట్నం చేరిన పండితుడు, ఎవరు ఎంత బతిమాలినా బొమ్మ అమ్మేవారు కాదు.

ఒకసారి ఉప్పు వ్యాపారి చియావ్ వచ్చాడు. ఫూగారు దగ్గారు.

"జలుబా, పండితులవారూ?"

"నాకేం లేదు. వాళ్ళకి చెబుతున్నాను."

పటం విప్పాక వ్యాపారి ముక్కు ఆనించి మరీ వెతికాడు. "ఎవరూ లేరే!"

"మీరు దగ్గలేదుగా. వాళ్ళు గుడిసెలోకి పోయారు."

వ్యాపారి నవ్వబోయాడు. గుడిసె తలుపు ఇందాక ఇంకాస్త తెరిచి ఉన్నట్టనిపించింది. టీ కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు.

గోడ అవతల ఫూగారు ఒంటరిగా దగ్గడం మాకు వినిపించేది. దగ్గి, కాసేపు ఆగేవారు.

"దగ్గితే దగ్గనీరా. ఆ ఆగడమే నాకు గుబులు. ఏం వింటాడో!" అనేది అమ్మ.

ఆ చలికాలం అమ్మ మంచం పట్టింది. తిండి మానేసింది. కళ్ళు మూస్తే మూసిన తలుపు కనిపిస్తోందని నిద్రకూడా మానేసింది.

"పోవడానికి భయం లేదురా. పోయేది మా పుట్టింటి కొండకే. అక్కడ అందరూ ఎప్పుడో పోయారు. నాకు తలుపు తీసేదెవరు?"

ఫూగారితో చెప్పాను. వచ్చి మంచం పక్కన కూర్చుని తగువు పెట్టుకున్నారు.

"వాగు ఇంటికి ఎడమా, కుడా, వదినా?"

"ఎడమ."

"వంతెన కర్రదేనా?"

"కర్రేమిటి నీ మొహం! రాయి. నడిమి రాయి కదులుతుంది."

"సరే, కదిలేలాగే గీస్తాను."

కొన్నాళ్ళకి పటం తెచ్చారు. గడపలో చెప్పులు విడిచి, మంచానికి ఎదురుగా తగిలించి, విప్పకుండానే దగ్గారు. తర్వాత టీ ఒక గుక్క నోట్లో పోసుకున్నారు.

చుట్టిన పటంలోంచి ఎవరో తిరిగి దగ్గారు. ముసలి, పొడి దగ్గు.

ఫూగారి కేసి చూశాను. నోటినిండా టీ.

"మా నాన్న! ఆ పొగాకు దగ్గు ఆయనదే!" అంది అమ్మ.

పటం విప్పారు. ఎడమన వాగు, రాతి వంతెన, ఓరగా తలుపు. మనిషి మాత్రం లేడు.

"నాన్నని గీయలేదేం, మరిదీ?"

"గీస్తే గీసినచోటే ఉండిపోవాలి, వదినా. నువ్వొచ్చేదాకా ముసలాయన్ని మంచులో నిలబెట్టమంటావా? కాగితం ఖాళీగా వదిలేశానని ఊరంతా నవ్వుతుంది. లోపలివాళ్ళు కుంపటి దగ్గర కూర్చోవడానికేగా ఆ చోటు!"

అమ్మ నవ్వింది. ఇన్నాళ్ళకి గంజి అడిగింది.

నేను గిన్నెతో తిరిగి వచ్చేసరికి ఫూగారు లేరు. పటంలోకి కూడా చెప్పకుండా తొంగిచూడని మనిషి, ఒక్క మాటయినా చెప్పలేదు. వీధి తలుపుకి లోపల్నించి నేను వేసిన గడియ వేసినట్టే ఉంది. గడపలో ఆయన చెప్పులూ ఉన్నాయి.

గంజి ఆవిరి తగులుతుందని పటం చుట్టబోయాను.

"ఉండరా, మరిదిని వంతెన దాటనీ!" అంది అమ్మ, గంజి ఊదుకుంటూ. "నడిమి రాయి కదులుతుంది."