కోల్డ్ రూమ్ బయటి చెప్పులు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ ఒళ్ళుమంట. ఆఫీసులో ఎవరైనా అలాంటిది మొదలుపెడితే టీ గ్లాసు పట్టుకుని లేచిపోయేవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. అయినా ఇది రాస్తున్నాను, ఎందుకంటే ఇందులో నేరం నా మీద పడింది.

2001 మే నెల. మేం మచ్చ బొల్లారంలో అద్దెకుండేవాళ్ళం. నేను మేడ్చల్ దగ్గర ఒక మందుల కంపెనీలో సూపర్‌వైజర్‌ని. నాతో పనిచేసే బుచ్చిరెడ్డీ నేనూ ఆ నెలాఖరున హిమాచల్ కొండల్లో వారం రోజులు నడవాలనుకున్నాం. సామాను వీపు మీద, పడక గుడారంలో. ఇక్కడ రోడ్డు మీద తారు కరుగుతోంది. అక్కడ మాత్రం ఎండాకాలంలోనూ తెల్లారేసరికి సీసాలో నీళ్ళు గడ్డకడతాయని వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పారు.

దాంతో చలి సామాను కోసం తిరిగాం. ఉన్ని సాక్సులు, చేతి తొడుగులు, లోపల వేసుకునే ఉన్ని బనీన్లు కొన్నాం. మే నెలలో మంకీ టోపీ అడిగితే కొట్టువాడు నన్ను ఎగాదిగా చూశాడు. పాత మిలిటరీ సామాను అమ్మేచోట స్లీపింగ్ బ్యాగులు దొరికాయి.

మా బావమరిది ప్రసాద్ తనూ వస్తానన్నాడు. గుంటూరులో డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం వెతుక్కుంటానని వచ్చి రెండేళ్ళుగా మా ఇంట్లోనే ఉన్నాడు. వాడంటే నాకు పడేది కాదు. నా చొక్కాలు తొడుక్కునేవాడు. నేను ఒక మాటంటే వాళ్ళక్క రెండు రోజులు నాతో మాట్లాడేది కాదు. ఆ వారమైనా వాడి మొహం చూడకుండా ఉండొచ్చనే నేను కొండలెక్కడానికి సిద్ధపడ్డాను.

వాడికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం. మా ఆవిడ, "చలికి ఆగుతాడో లేదో ముందు ఇక్కడే చూడండి. ఆగకపోతే నేనే వద్దంటాను" అంది.

మండుటెండల్లో చలి ఎక్కడ దొరుకుతుంది? దారి బుచ్చిరెడ్డే చెప్పాడు. అలియాబాద్ దగ్గర వాళ్ళకు ద్రాక్షతోట ఉంది. కోసిన కాయ నిలవ ఉంచడానికి తోటలోనే ఒక కోల్డ్ రూమ్ కట్టారు. కోతలు అయిపోయినా ఒక మూల కొన్ని డబ్బాలు మిగిలాయి, మిషన్ నడుస్తూనే ఉంది.

"ఒక గంట గా రూమ్‌ల పండవెడదాం. ఆగుతడో ఆగడో తెలిసిపోతది" అన్నాడు.

ఆ మాట నాకు తెగ నచ్చింది. పావుగంటలో దగ్గుకుంటూ బయటికొస్తాడు, పీడ విరగడవుతుంది అనుకున్నాను. ఉబ్బసం ఉన్నవాణ్ణి అలా పడుకోబెట్టకూడదని మందుల కంపెనీలో పనిచేసే నాకు తెలియక కాదు.

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాం. కోల్డ్ రూమ్ చూసుకునే యాదగిరిది ఒకటే పట్టు. ఎంతటివాడైనా చెప్పులు తలుపు ముందు విడిచే లోపలికి పోవాలి. లోపలి నుంచి తలుపు తెరిచే మీట చెడిపోయి చాలా రోజులైంది. బయట చెప్పులుంటే లోపల మనిషి ఉన్నట్టు. లేకపోతే గొళ్ళెం వేసి, లైటు ఆర్పి వెళ్ళిపోతాడు.

"నాకు సెప్పులే హాజరు సార్" అని, మా మూడు జతలూ చూసుకుని అన్నం తినడానికి పోయాడు.

ప్రసాద్ స్లీపింగ్ బ్యాగులో దూరి పడుకున్నాడు. బుచ్చిరెడ్డీ నేనూ పది నిమిషాలుండి బయటికొచ్చేశాం. చలి పోకుండా తలుపు దగ్గరగా వేశానే తప్ప గొళ్ళెం ముట్టుకోలేదు. ప్రసాద్ నీలం పట్టీల హవాయి చెప్పులు అక్కడే ఉన్నాయి. దారికి అడ్డంగా ఉంటే నేనే కాలితో పక్కకు జరిపాను. ఈ సంగతి ఎక్కడైనా ప్రమాణం చేసి చెప్పగలను.

ముప్పై అడుగుల దూరంలో రేకుల షెడ్డు. అక్కడ నలుగురు ఆడవాళ్ళు ఖాళీ డబ్బాలు కడుగుతున్నారు. వాళ్ళెదురుగా కూర్చుని టీ తాగాం. కోల్డ్ రూమ్ తలుపు అటువైపు తిరిగి ఉంది, అక్కడికి కనిపించదు. గంటయింది. ప్రసాద్ బయటికి రాలేదు. నాకు కోపమొచ్చింది. వాడు నెగ్గేస్తున్నాడు. బుచ్చిరెడ్డి లేవబోతే, "ఇంకో పది నిమిషాలు ఉండనీ" అన్నాను.

ఆ పది నిమిషాలు కాకముందే యాదగిరి సైకిల్ మీద ఇంటికి పోతూ కనిపించాడు.

"పిలగాడు ఇంక లోపల్నే ఉన్నడా?" అని బుచ్చిరెడ్డి అడిగాడు.

"ఏ పిలగాడు? తినొచ్చి జూస్తే ఒక్క సెప్పు లేదు గద సార్. అందరు ఎల్లిన్రని అప్పుడే గొళ్ళెం పెట్టిన."

పరిగెత్తాం. ప్రసాద్ తలుపు వెనకే ముడుచుకుని పడి ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి, ఊపిరి కీచుమంటోంది. ఎండలోకి మోసుకొచ్చి పడుకోబెడితే ఆ ఆడవాళ్ళు అరికాళ్ళు రుద్దారు. కళ్ళు తెరిచి నన్ను చూడగానే వెనక్కి పాకబోయాడు.

"ఎందుకు బావా?" అన్నాడు. "తలుపు తీసి నిలబడ్డావుగా. ఊపిరాడట్లేదని చెయ్యి చాపితే, నవ్వి తలుపేశావు."

నేను షెడ్డులోంచి కదల్లేదు. బుచ్చిరెడ్డి సాక్షి, ఆ నలుగురు ఆడవాళ్ళు సాక్షి.

వాడి ఇన్‌హేలర్ బయల్దేరేటప్పుడే మా ఆవిడ నా చేతికిచ్చింది. దాన్ని స్కూటర్ డిక్కీలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా ప్యాంటు జేబులోనే ఉంది, రెండోది ఇంట్లో బీరువాలో. స్కూటర్ వచ్చినప్పటి నుంచీ ఎండలోనే ఉంది. ఇన్‌హేలర్ కోసం పరిగెత్తి డిక్కీ మూత పట్టుకుంటే చేతికి చురుక్కుమంది.

తెరిస్తే ఇన్‌హేలర్ మీద నీలం పట్టీల చెప్పులు ఉన్నాయి. వాటి నిండా తెల్లటి మంచు పేరుకుని ఉంది. పక్కకు తీస్తే వేళ్ళు తిమ్మిరెక్కాయి. నా వెనకే వచ్చిన యాదగిరి చెప్పులు చూశాడు, తర్వాత నా చేతిలోని తాళంచెవి చూశాడు.

"గిదేం పని సార్" అన్నాడు. ఇన్‌హేలర్ తనే తీసుకుని ప్రసాద్ దగ్గరికి పరిగెత్తాడు. చెప్పుల మీది మంచు రెండు నిమిషాల్లో కరిగి నీళ్ళయింది, ఇక చూపించడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

ప్రసాద్ నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికాడు. కొండల ప్రయాణం మానేశాం. నేను షెడ్డు దాటలేదని బుచ్చిరెడ్డి మా ఇంటికొచ్చి మరీ చెప్పాడు. మా ఆవిడ అంతా విని, ఆయనకు కాఫీ ఇచ్చింది. నన్ను మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాణ్ణో నాకూ తెలియదు. ఆ చెప్పులు నేను తియ్యలేదు. కానీ ఆ పూట నా మనసులో ఏముందో నాకు తెలుసు. అది నన్ను వదిలి ఒక్కటే వెళ్ళి ఆ తలుపు వేసిందంటే నేను నమ్మను. ఇంకెలా జరిగిందో చెప్పమంటే చెప్పలేను.

ప్రసాద్‌కు తర్వాత ఉద్యోగం వచ్చింది. పెళ్ళయింది, గుండ్లపోచంపల్లిలో ఇల్లు కొనుక్కున్నాడు. అక్కను చూడ్డానికి ఇప్పటికీ వస్తాడు, నన్ను బావా అనే పిలుస్తాడు. గుమ్మం ముందు చెప్పులు విడుస్తాడు. విడిచి, వాటిని చేత్తో పట్టుకుని లోపలికొచ్చి, తను కూర్చునే కుర్చీ కింద పెట్టుకుంటాడు. మా ఆవిడ వీధి చెప్పుల్ని ఇంట్లోకి రానివ్వని మనిషి. వాడిని మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ వద్దనలేదు.