గోపాలపట్నం దాటిన తర్వాత

కృష్ణా జిల్లా నుంచి వచ్చి విశాఖ పోర్టులో గుమాస్తాగా చేరిన కొత్తలో, ఇక్కడివాళ్ల యాసను అనుకరించి తోటివాళ్లను నవ్వించడం నాకు సరదాగా ఉండేది. ఒక మధ్యాహ్నం కంచరపాలెంలో బస్సెక్కిన పెద్దాయన బియ్యం మూట ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు.

“బాబూ, నాను ఊరికి కొత్తోణ్ని. గోపాలపట్నం వొత్తే సెప్తావేటి?”

“సెప్తాను బావా, సెప్పకేటి సేత్తాను?” అన్నాను, అచ్చం ఆయన లాగే. ముందు సీట్లో ఉన్న నా స్నేహితుడు పగలబడి నవ్వాడు. పెద్దాయన కూడా కొంచెం నవ్వాడు.

తర్వాత నేను కబుర్లలో పడిపోయాను. గోపాలపట్నం దాటిపోయింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు గాని, కండక్టరును కూడా అడగలేదు.

“అయ్యో, దాటిపోయిందండీ. ఒక్క మాట అడగొచ్చుగా?” అన్నాను.

“నాను నోరిప్పితే మల్లీ నవ్వుతారు గదా, బాబూ,” అన్నాడు, కోపం లేకుండా.

తర్వాతి స్టాపులో దిగి, మూట భుజానికెత్తుకుని ఎండలో వెనక్కి నడిచాడు. బస్సులో నా ఇష్టమొచ్చినట్టు మాట్లాడితే నన్నెవరూ ఆపలేదు. ఆయనకు మాత్రం దారి అడిగే ధైర్యం కూడా లేకుండా చేశాను. నేనూ దిగి ఆ మూటకు ఒక చెయ్యి వెయ్యాల్సింది. నా స్టాపు వచ్చేదాకా కూర్చునే ఉన్నాను.