నా నడకకు ఊగిన అంతస్తు

చదువు ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరినవాడికి ఆ రోజుల్లో లోకమంతా తన సలహా కోసమే కాచుకుని ఉన్నట్టు అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. విశాఖలో భవనాల గట్టిదనం పరీక్షించే ఒక చిన్న ఆఫీసులో ఇంజనీరుగా చేరాను. మొదటి వారంలోనే మా సీనియర్ నన్ను ఎగాదిగా చూసి, "బావా, నీకు తగ్గ పనొచ్చింది. నడవాల," అన్నాడు. (ఆయన్ని అందరం కడ్డీ బావ అనేవాళ్లం. ఎంత సన్నమంటే, ఎండలో నిలబడితే ఆయన నీడని వెతుక్కోవాల్సిందే.)

గాజువాకలో ఒక కొత్త భవనం. రెండో అంతస్తులో ఎవరు నడిచినా కంప్యూటర్లు ఊగుతున్నాయని, అద్దెకున్న కంపెనీవాళ్లు ఖాళీ చేస్తామంటున్నారు. నేల మీద కంపనాలు కొలిచే పెట్టె పెట్టి, ఫోన్‌లో టక్కు టక్కుమనే తాళానికి అడుగులు కలుపుతూ నేను హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి నడవాలి. నడిచాను. ఒక వేగం దగ్గర టేబుళ్ల మీది గ్లాసుల్లో నీళ్లు వణికాయి. భవనం ఓనరు గారు నా పొట్టకేసి జాలిగా చూసి, "ఏటి బాబూ ఈ పరీక్ష? నువ్వు నడిస్తే యారాడ కొండైనా ఊగతాది. లోపం నా బిల్డింగులో నేదు, నీలోనే ఉంది," అన్నారు. హాలంతా నవ్వింది. (ఒకమ్మాయి నవ్వలేదు. ఆవిడ ఫోన్లో మాట్లాడుతోంది.)

ఆ సాయంత్రం టిఫిన్ మానేశాను. మర్నాడు పొద్దున ఇడ్లీ కూడా ముట్టకుండా వెళ్లి, నీరసంగా నడిచాను. నీళ్లు మళ్లీ వణికాయి. నేను పస్తున్నానని తెలిసి, "ఒకటి రెండు పూటలకి ఏటి తగ్గుతాది నాయనా," అని ఓనరు గారు ఓదార్చారు. ఆ ఓదార్పుకన్నా నిన్నటి వెక్కిరింతే నయమనిపించింది.

పెట్టె దగ్గర కూర్చున్న కడ్డీ బావ నా మొహం చూసి చెప్పులు విడిచాడు. "ఇప్పుడు నాను నడుత్తాను సార్, మీరు కూకుని టీ తాగండి," అని ఓనరు గారితో చెప్పి, అదే తాళానికి అడుగులేశాడు. హాలు మధ్యకొచ్చేసరికి ఓనరు గారి ముందున్న నిండు కప్పులోంచి టీ కాగితాల మీదికి ఒలికింది. "బరువొక్కటే కాదు సార్. ఉయ్యాల్ని సమయానికి తోస్తే సంటోడైనా ఊపుతాడు. మీ ఫ్లోరు ఊగే లయకి ఈ నడక కుదిరింది."

నమ్మలేక ఓనరు గారు తానే లేచి నడిచారు. ఏమీ కదల్లేదు. "సూసేవా!" అన్నారు. "తాళం తప్పేరు సార్," అన్నాడు బావ. మళ్లీ నడిచారు. ఈసారి గ్లాసులన్నీ గలగలలాడాయి. "ఓర్నాయనో, భలే ఊగతందే!" అని మురిసిపోయి ఇంకో నాలుగు రౌండ్లు కొట్టారు. ఆనక అది తన బిల్డింగేనని గుర్తొచ్చి, మొహం ముడుచుకుని, కింద అదనంగా దూలాలు వేయిస్తానన్నారు.

ఇప్పుడు నాది నడి వయసు. కాంక్రీటు చేసిన తప్పుకి రెండు పూటలు పస్తున్న ఆ కుర్రాడు తలపుకొస్తే, పక్కన కూర్చోబెట్టుకుని వేడివేడిగా నాలుగు పూరీలు తినిపించాలనిపిస్తుంది.