బ్రేకు మీద సంతకం

మా మేస్త్రి పోయారన్న కబురు నాకు పాతపట్నం బస్సు కాంప్లెక్సులో అందింది. బండిని తిరుగు ప్రయాణానికి నిలబెట్టి టీ తాగుతున్నాను. మా కండక్టరు ఫోను చూసుకుంటూ వచ్చి, "మేస్త్రి ఎల్లిపోనార్రా. తెల్లారగట్ల గుండె ఆగిపోనాదట. గ్రూపులో పెట్టినారు" అన్నాడు. ఇంకా ఏదో చెప్పాడు కానీ నా చెవికెక్కలేదు. బండిలో అప్పటికే జనం ఎక్కి కూర్చున్నారు. వాళ్ళని ఎవరి ఊళ్ళలో వాళ్ళని దించాలి. దించాను. డిపోకి వచ్చి, బండి అప్పజెప్పి, చొక్కా కూడా మార్చుకోకుండా ఆయన ఇంటికి వెళ్ళాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. జీతం కాగితం మీద తప్ప ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. మా డిపో గ్యారేజీలో ఆయన పెద్ద మెకానిక్కు, మా అందరికీ మేస్త్రి. ఎచ్చెర్ల అవతల ఒక పల్లె ఆయనది. తండ్రి గోగు పండించే రైతు. ఈయన నాగలి మాని రెంచి పట్టారు గానీ కోపం మాత్రం రైతుదే. సామాను రాకపోతే రాలేదని తిట్టేవారు, వస్తే ఇప్పుడా వచ్చేది అని తిట్టేవారు. పొద్దున్నే చిన్న సుత్తి పట్టుకుని ప్రతి బండి చక్రం బోల్టులూ కొట్టి, తల ఒక పక్కకి వంచి వినేవారు. వెనక నుంచి మేము ఎంత హారన్ కొట్టినా పక్కకి జరిగేవారు కాదు. "బండికి నోరు నేదు, డ్రైవరుకి సెవుల్నేవు. మద్దెన నా బతుకు ఇలగైపోనాది" అనేవారు.

మధ్యాహ్నం చేతులు ముందు కిరసనాయిలుతో, తర్వాత సబ్బుతో కడిగి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుని, తృప్తి కలగక మళ్ళీ కడిగేవారు. తర్వాత చోడి అంబలి, అదే రాగి అంబలి, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ. నేను హోటల్ ఇడ్లీ తెచ్చుకుంటే జాలిగా చూసేవారు. కొత్తగా చేరినప్పుడు నాకు వేగం ఎక్కువ. ఒకసారి నన్ను ఆపి, "ఎగదోలడం ఎవుడైనా సేస్తాడు బావూ. ఆపడం నేర్సుకో" అన్నారు. అప్పట్లో నవ్వుకున్నాను.

మీలో బస్సు ఎక్కేవాళ్ళే ఎక్కువ, నడిపేవాళ్ళు తక్కువ కాబట్టి ఒక సంగతి చెప్పాలి. డ్యూటీ దిగేటప్పుడు డ్రైవరు గ్యారేజీలో ఒక పుస్తకంలో రాస్తాడు: హారన్ మోగడం లేదు, తలుపు పడటం లేదు, బ్రేకు ఆలస్యంగా పడుతోంది. దానికి ఎదురుగా మెకానిక్కు 'సరిచేశాం' అని రాసి సంతకం పెడతాడు. పొద్దున్న డ్రైవరు ఆ సంతకం చూసి బండి తీస్తాడు. స్టోర్లో సామాను ఉన్నన్నాళ్ళూ అలాగే జరిగింది. తర్వాత సామాను, ముఖ్యంగా బ్రేకుల్లో అరిగిపోయే లైనర్లు, రావడం తగ్గింది. బండి ఆపితే ట్రిప్పు రద్దు, ట్రిప్పు రద్దయితే పైనుంచి ఫోను. అందుకని మెకానిక్కులు ఉన్నదాన్నే బిగించి, తుడిచి, 'సరిచేశాం' అని రాసెయ్యడం మొదలైంది. రాసేవాళ్ళకి తెలుసు, చదివే మాకు తెలుసు, ఆఫీసుకీ తెలుసు. ఎవరం అడగలేదు. అడిగితే పొద్దున్నే గొడవ, గొడవైతే డ్యూటీ పోతుంది.

ఆ పుస్తకంలో నేను మూడు రోజులు వరసగా బ్రేకు గురించి రాశాను. మూడుసార్లూ ఎదురుగా మేస్త్రి సంతకమే. నాలుగో రోజు పాతపట్నం దారిలో ఒక మలుపు దగ్గర మేకల మంద రోడ్డుకి అడ్డం వచ్చింది. తొక్కాను. బ్రేకు పట్టాల్సిన చోట పట్టలేదు. బండిని పొలంలోకి దించేశాను. కోతలైపోయిన మడి కాబట్టి ప్రాణాలు దక్కాయి. కొందరికి దెబ్బలు తగిలాయి, ఒక ముసలమ్మకి చెయ్యి విరిగింది. ఆవిడ కేక ఇప్పటికీ ఆ మలుపులో నాకు వినబడుతుంది.

మర్నాడే నన్ను సస్పెండ్ చేశారు, నిర్లక్ష్యంగా నడిపానని. బ్రేకు సంగతి రాశాను కదా సార్ అంటే ఆఫీసులో పుస్తకం తెరిచి నా ముందు పెట్టారు. 'సరిచేశాం', కింద సంతకం. బ్రేకు బాగుందంటే తప్పు నా కాలిదన్నమాట. ఉద్యోగం పోవడం ఖాయమని ఆఫీసు బంట్రోతు కూడా చెప్పేశాడు.

యూనియన్ వాళ్ళు నన్ను వదల్లేదు. డిపో గేటు పక్కన టెంటు వేశారు. బళ్ళు ఆగిపోయాయి. బయటినుంచి తెచ్చిన తాత్కాలిక డ్రైవర్లతో అధికారులు కొన్ని తిప్పారు. ఎచ్చెర్లలో చదువుకునే పిల్లలు ఆటోలకి వేలాడుతూ పరీక్షలకి వెళ్ళారు. టెంటు ముందు నుంచి పోతూ మమ్మల్ని తిట్టారు కూడా. ఆ తిట్లలో సగం న్యాయమే. మేము మాత్రం కదల్లేదు. ఒక మనిషిని ఇలా తీసేస్తే రేపు ఎవరినైనా తీసేస్తారని అందరికీ అర్థమైంది. మేస్త్రి కూడా రోజూ వచ్చి చివర్లో కూర్చునేవారు. నినాదాలు ఇచ్చేవారు కాదు. నా వైపు చూసేవారు కాదు. నాకూ ఆయన మీద పీకదాకా కోపం ఉంది, దాచుకోను.

మూడో రోజు ఆయన టెంటుకి రాలేదు. ఎక్కడికి వెళ్ళారో మొన్న ఆయన భార్య చెబితేగాని నాకు తెలియలేదు. "అరటిపళ్ళు కొనుక్కోని ఆ ముసలమ్మ ఊరెల్లినారు బాబూ. డ్రైవరు బాబు తప్పేటి నేదు, మా గీత అలగున్నాది అన్నాదట ఆయమ్మ. నన్ను తిట్టుంటే బాగున్ను, తిట్టనేదే అని ఇంటికొచ్చి అన్నం తిన్నేదు" అంది ఆవిడ. చెబుతూ కళ్ళు తుడుచుకోలేదు. ఆ ఇంట్లో అందరూ అంతే, గట్టివాళ్ళు.

నాలుగో రోజు యూనియన్ కార్యదర్శి ఉపన్యాసం మధ్యలో ఉండగా మేస్త్రి లేచి వెళ్ళి మైకు అడిగారు. ఏనాడూ మైకు పట్టని మనిషి అడిగేసరికి ఇచ్చేశాడు.

"ఆ పుస్తకంలో సంతకం నాది. సరిసేసినామని రాసినాను. సెయ్యనేదు. లైనర్లు నేవు. నేవని రాయాల, రాయనేదు. ఈడు తొక్కినాడు. నాను ఎయ్యని బ్రేకు తొక్కినాడు."

కార్యదర్శి గబుక్కున మైకు మీద చెయ్యి పెట్టాడు. "మేస్త్రీ, కూకో. ఇలాటివి మైకులో సెప్పకూడదు. ఈణ్ణి ఒగ్గీసి నిన్ను పట్టుకుంటారు."

"పట్టుకోనీ. అప్పుడు నా కోసం కూడా కూకోండి. నా కోసం కాపోతే లైనర్ల కోసం కూకోండి. ఎవుడు ఎక్కినా ఆ బండే గదా ఎక్కుతాడు."

టెంటులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కార్యదర్శి చెప్పినట్టే జరిగింది. మర్నాడు ఆయన సస్పెన్షన్ కాగితం వచ్చింది, ఆ వెనకే నాకు ఇంకో కాగితం. నా సస్పెన్షన్ ఎత్తేశారు, వెంటనే డ్యూటీలో చేరమని. అక్కడితో టెంటు రెండుగా చీలింది. డ్రైవరు కోసం కూర్చున్నాం, డ్రైవరు పని అయిపోయింది, మెకానిక్కు దొంగ సంతకానికి మన జీతాలెందుకు కోసుకోవాలి అన్నారు కొందరు డ్రైవర్లు. ఒకాయన అయితే "ఆయన తప్పు ఆయనే ఒప్పుకున్నాడు గదా, ఇంకేటి మిగిలింది" అని చాప దులుపుకుని వెళ్ళిపోయాడు.

సమ్మె ఇంకో వారం సాగింది. వెళ్ళినవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. చివరికి మమ్మల్ని ఇద్దరినీ తీసుకున్నారు. లైనర్లు వచ్చాయి. సామాను లేకపోతే లేదని రాసి బండి ఆపెయ్యవచ్చని మెకానిక్కులకి కాగితం మీద ఒప్పుకున్నారు. దానికి మారుగా మేస్త్రిని విజయనగరం వైపు డిపోకి బదిలీ చేశారు. దాని మీద మళ్ళీ కూర్చుంటామని కార్యదర్శి అంటే ఆయనే వద్దన్నారు. "ఆ డిపోలో మాత్రం బళ్ళకి బ్రేకులు అక్కర్లేదేటి? ఎల్తాను" అన్నారు. వెళ్ళి, అక్కడే రిటైరయ్యారు. ఇంటికి వచ్చినప్పుడు కాంప్లెక్సులో నా బండి కనబడితే ముందు వంగి చక్రం లోపలికి చూసేవారు, తర్వాత నా మొహం చూసేవారు. మొహం బాగుందో లేదో ఎప్పుడూ అడగలేదు.

ఈ రోజు మా డిపో నుంచి ఎక్కిన వాళ్ళు ఆగాల్సిన చోట ఆగుతున్నారంటే అందులో ఆయన పాలు ఉంది. ఆ మాట ఎవరో ఒకరు రాసి పెట్టాలి. నా ఉద్యోగం ఆయన పెట్టిన భిక్ష అంటే ఆయన ఒప్పుకోరు, రెంచి పెట్టి కొడతారు. కానీ అదే నిజం.

అయితే వరసలో ఒక పొద్దు వదిలేశాను. సిగ్గుపడి వదిలేశాను. డ్యూటీలో చేరమని నాకు కాగితం వచ్చిన మర్నాటి పొద్దు అది. మొన్న డిపోలో పెట్టిన సంతాప సభలో, ఆ పొద్దు చూడని వాళ్ళంతా, నేను మేస్త్రి కోసం ఉద్యోగం వద్దనుకున్నానని పొగిడారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. జరిగింది అది కాదు.

ఆ రాత్రి మా ఆవిడ అంది, "ఎల్లిపో. ఆయన సంగతి యూనియనోళ్ళు సూసుకుంటారు. పిల్లలున్నోడివి, నీకెందుకు పౌరుషాలు" అని. నేను ఆవిడతో వాదించలేదు. నాకు కావాల్సిన మాటే ఆవిడ అన్నది. తెల్లవారకముందే ఖాకీ చొక్కా వేసుకుని, టెంటు కంటబడకుండా వెనక దారిన డిపోలోకి వెళ్ళి చేరాను. పాతపట్నం డ్యూటీ ఇచ్చారు. బండి కూడా ఆ బండే, ముందు భాగం సొట్టలు తీసి రంగు వేశారు. పుస్తకం చూశాను. బ్రేకు దగ్గర 'సరిచేశాం' అని ఉంది. కింద సంతకం బయటినుంచి తెచ్చిన మెకానిక్కుది.

"లైనర్లొచ్చినాయేటి?" అని అడిగాను.

"ఎక్కడివి? బిగించినాను. ఒక్క రోజుకి ఏటీ కాదు, తియ్యండి" అన్నాడతను.

తీశాను. మీకు ఇది చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది. తెలిసి తెలిసి, అదే బ్రేకుతో, అదే దారికి బండి తీశాను.

కండక్టరునీ జనాన్నీ కాంప్లెక్సులో ఎక్కించుకోవాలి, ఖాళీ బండితో గేటు దాటుతుంటే టెంటులో వాళ్ళు నన్ను చూశారు. కొందరు మొహాలు తిప్పుకున్నారు, ఒకడు ఉమ్మేశాడు. మేస్త్రి మాత్రం లేచి రోడ్డు పక్కకి వచ్చి, పాసింజరు ఎత్తినట్టు చెయ్యెత్తారు. తొక్కాను. బండి ఆయన్ని దాటుకుని పది అడుగులు పోయి ఆగింది. ఆ పది అడుగులూ ఆయన తాపీగా నడిచి వచ్చి, తలుపు తీసుకుని ఎక్కారు. చేతిలో గుడ్డసంచి ఉంది, అందులో రెంచి, అంబలి క్యారేజీ.

"పాతపట్నమే గదా?" అన్నారు.

"మీకక్కడేటి పని మేస్త్రీ?"

"పనేటి నేదు. ఆవేళ నాను సంతకం ఎట్టీసి ఇంటికెల్లి తొంగున్నాను. నువ్వెల్లి పొలంలో పడ్డావు. మల్లా అదే బండి, అదే బ్రేకు. ఈపాలి నాను కూడా వస్తాను. తియ్యి."

నన్ను దెప్పడానికి ఎక్కారనుకున్నాను. తిట్టబోయి ఆయన మొహం చూశాను. దెప్పడం కాదు, నిజంగానే వస్తున్నారు. నేను బండి తీస్తే ఆ మలుపు మీదుగా పాతపట్నం దాకా వచ్చేవారు, సాయంత్రం మళ్ళీ నాతో తిరిగి వచ్చేవారు, రేపు పొద్దున్న మళ్ళీ ఎక్కేవారు. సంచి ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుని, ఎదురుగా రోడ్డు వైపు చూస్తున్నారు.

ఇంజను ఆపేశాను. ఖాళీ బండిలో ఇద్దరం అలాగే కూర్చున్నాం. నాకు ఏడుపొచ్చింది, ఆయన చూడనట్టే ఉన్నారు.

కాసేపటికి, "ఇప్పుడు సరిగ్గా ఆగినాది" అని, సంచి భుజానికి తగిలించుకుని, నాకంటే ముందు దిగారు.