నాన్న తిథి వెతుక్కుంటూ అహ్మదికి ఒక శుక్రవారం

మా నాన్న పోయిన తిథి నాకు తెలియదు. ఏడాది తెలుసు, అది నేను పుట్టిన ఏడాదే. ఊరు తెలుసు, కువైట్‌లో చమురు కంపెనీ కట్టిన పట్నం అహ్మది. అక్కడ ఒక కాంట్రాక్టరు నడిపే మెస్సులో ఆయన వంట చేసేవారు. నేను కడుపులో ఉండగా బొంబాయిలో ఓడెక్కారు, మళ్ళీ రాలేదు. జ్వరంతో పోయారన్న కబురు నెలలు గడిచాక నోటి మాటగా కోనసీమలో మా ఊరు చేరింది. తిథి తెలియనివాళ్ళకు మహాలయ అమావాస్య ఉండనే ఉంది కదా, ఏటా ఆ రోజే నా చేత నువ్వులూ నీళ్ళూ వదిలించేవారు. అందరి నాన్నలకూ తమదంటూ ఒక రోజుంటే మా నాన్నకు ఊరుమ్మడి రోజు. చిన్నప్పుడు నాకది భలే ఉక్రోషంగా ఉండేది. అమ్మ కూడా పోయాక, తోబుట్టువులు లేని నాకు ఇక ఎవరూ మిగల్లేదు. ఎనభైల మొదట్లో కువైట్‌లో గుమస్తా ఉద్యోగం దొరకగానే పెట్టె సర్దుకున్నాను. జీతం ఒక కారణం, ఈ తిథి రెండోది.

గల్ఫ్‌లో తమ పాత తరం జాడ వెతకాలనుకునేవాళ్ళు మీలోనూ ఉంటారని ఆ రోజు సంగతి వివరంగా రాస్తున్నాను. నా ఆఫీసు కువైట్ నగరం మధ్యలో మిర్కాబ్‌లో, గది దానికి దక్షిణాన ఖైతాన్‌లో. సెలవు శుక్రవారం ఒక్కటే. అదేం ఖర్మో, ఆ రోజే దేశంలో ప్రతి ఆఫీసుకూ తాళం. కాంట్రాక్టరు కూలీల వివరాలు కంపెనీ దగ్గర ఉండవని, ఆ కాంట్రాక్టరు ఎప్పుడో దుకాణం ఎత్తేశాడని అప్పటికే వాకబు చేసి తెలుసుకున్నాను. నేను బయల్దేరుతుంటే నాతో ఒకే గదిలో ఉండే జగిత్యాల రాజన్న దుప్పట్లోంచి తల బయటపెట్టాడు.

"శుక్రారం నాడు ఆఫీసుల ఎవడుంటడే? నీకేమన్న పిచ్చా?"

"కాగితాలు ఎలాగూ లేవు రాజన్నా. మనుషులైనా ఉంటారేమో చూస్తాను."

"సరే పో. ఇఖామా కాయితం జేబుల వెట్టుకో, పోలీసోడు ఆపితె పరేషాన్ అయితవు."

ఉదయం ఏడింటికి ఖైతాన్‌లో బస్సెక్కి ముందు మిర్కాబ్ వెళ్ళాను, అక్కడ అహ్మది బస్సు పట్టుకున్నాను. ఇది శుద్ధ తెలివితక్కువ పని. చెయ్యి తల చుట్టూ తిప్పి ముక్కు పట్టుకున్నట్టు ఉత్తరానికి వెళ్ళి మళ్ళీ దక్షిణానికి వచ్చానన్నమాట. ఖైతాన్ నుంచి నేరుగా ఆ వైపు వెళ్ళే షేరింగ్ కార్లుంటాయని తర్వాత తెలిసింది. బస్సులో డ్రైవరు కాక నలుగురమే. చలికాలం కావడంతో కిటికీలన్నీ మూసేశారు, బయట ఇసుక, పైపులు, దూరంగా చమురు బావుల మంటలు. అహ్మదిలో దిగేసరికి తొమ్మిదిన్నర. తీరైన వీధులు, కత్తిరించిన మొక్కల కంచెలు, ఒకేలాంటి ఇళ్ళు, అన్నీ బాగానే ఉన్నాయి కానీ దారి అడుగుదామంటే నరమానవుడు లేడు. గంటన్నర పైగా తిరిగాను. నాన్న నడిచిన వీధులు ఇవేనా అని ఒక్కో మలుపులో అనుకోవడం, ఎవరికీ చెప్పుకోలేక నాలో నేనే నవ్వుకోవడం. ఆ ఊళ్ళో ఉన్నంత ఒంటరిగా నేనెప్పుడూ లేను.

ఒక మెస్సు వెనకనుంచి ఇంగువ తిరగమోత వాసన వచ్చింది. ఆగలేక తలుపు తట్టాను. గంటె పట్టుకుని వచ్చినాయన నా మాట వినగానే ఎగిరి గంతేశాడు.

"ఓర్నాయనో, మనోళ్ళా! ఏ ఊరండీ తవరిది? మాది రాజోలండి, నా పేరు సత్యం. ముందు లోపలికి రండి, అన్నం తిందురుగాని."

తింటూ వచ్చిన పని చెప్పాను. సత్యం గారు తల గోక్కున్నారు. "నేనొచ్చి పదేళ్ళేనండి. అప్పటి మాట నాకేం తెలుస్తాదండీ? అయితే ఫహాహీల్‌లో రొట్టెల బట్టీ హాజీ అని ఇరానీ ముసలాయనున్నాడండి. ఈ మెస్సులకి మొదట్నించీ ఆయనే రొట్టెలేసేవోడంట. ఆయన్నడిగి చూడండి."

డబ్బులిస్తే చెయ్యి వెనక్కి లాక్కున్నారు. ఆయన పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడితే, మా నాన్న వెనకనుంచి ఇలాగే ఉండేవారేమో అనిపించింది. ఎదురుగా ఎలా ఉండేవారో కూడా నాకు తెలియదు, ఇంట్లో ఒక్క ఫోటో లేదు.

ఫహాహీల్‌కు షేరింగ్ కారులో పావు దీనార్. సముద్రపు గాలి తగులుతుండగా బజారులో అడిగితే బట్టీ చూపించారు. మధ్యాహ్నం నమాజ్ అయ్యాక హాజీ వచ్చాడు, కనుబొమ్మలు కూడా తెల్లబడిన మనిషి. అహ్మది మెస్సులో వంటచేస్తూ జ్వరంతో పోయిన మద్రాసీ కోసం వచ్చానని హిందీలో చెప్పాను. పేరింకా చెప్పనేలేదు.

"సుబ్బా," అన్నాడాయన. తన గడ్డం కింద వేలు పెట్టి, "ఇక్కడ కాలిన మచ్చ," అన్నాడు.

మా నాన్న పేరు సుబ్బారావు. మరిగే నూనె చింది గడ్డం కింద మచ్చ పడిందని అమ్మ చెప్పేది. అక్కడే పిండి బస్తా మీద కూర్చున్నాను. ఏ తారీఖున పోయారని అడిగాను.

"తారీఖా? నా పెళ్ళి తారీఖే నాకు తెలియదు బేటా!" అని నవ్వాడు. నా ప్రాణం ఉసూరుమంది. ఇంత దూరం వచ్చింది ఇందుకా అనుకుంటుండగా ఆయనే అన్నాడు, "ఈద్ రోజు. రంజాన్ అయిపోయింది, ముందటి సాయంత్రమే నెలవంక చూశాం. మర్నాడు నమాజ్ చేసుకుని మెస్సుకు రొట్టెలు తీసుకెళ్ళాను."

నేను లేచి నిలబడ్డాను. వాళ్ళ నెలైనా మన నెలైనా నడిచేది చంద్రుడి వెంటే కదా! అమావాస్య దాటి నెలవంక కనిపించిన మర్నాడు వాళ్ళకు పండగ. ఏడాది తెలుసు, పండగ తెలిసింది, ఇక తిథి ఎక్కడికి పోతుంది? ఆనందం పట్టలేక, అనుకోని ప్రశ్న ఒకటి నోరు జారింది.

"మీరు వెళ్ళేసరికి ఆయన దగ్గర ఎవరున్నారు?"

హాజీ చేతుల పిండి దులుపుకున్నాడు. "ఎవరూ లేరు. పండగ కదా, అందరూ బయటికి పోయారు. నేను వెళ్ళేసరికే ఖలాస్." తర్వాత రెండు వేడి రొట్టెలు కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు.

సాయంత్రానికి గది చేరాను. రాజన్న ఎదురొచ్చాడు. "దొరికిందా?"

"దొరికింది."

"ఇంకేంది మరి, సంబురమే గదా!"

సంబరమే అన్నాను. గదిలో ఆరుగురం ఉన్నాం, రేడియో మోగుతోంది, ఎవరో పేకాటకు పిలిచారు. తలనొప్పి అని గోడవైపు తిరిగి పడుకున్నాను. ఎవరూ లేరు అన్న మాట చెవిలోంచి పోలేదు.

మీరు ఇలాంటి వెతుకులాటకు వెళితే నాదొక్కటే సలహా: పాతవాళ్ళను తారీఖు అడక్కండి. ఏ పండగ దగ్గర, చంద్రుడెలా ఉన్నాడు, ఎండా చలా అని అడగండి. మిగతాది పంచాంగం చూసుకుంటుంది. రోజంతా నాకైన ఖర్చు దీనార్ లోపే.

సెలవుకు ఇంటికెళ్ళినప్పుడు మా పురోహితుడు పాత పంచాంగం తిప్పి జ్యేష్ఠ శుద్ధ విదియ అని తేల్చారు. అప్పటినుంచి ఆ రోజే తద్దినం పెడుతున్నాను. విస్తరి ఆరుబయట పెట్టి పక్కకు తప్పుకోవాలి, మనిషి ఉంటే కాకి వాలదంటారు. మా పురోహితుడు ఏటా కసురుతూనే ఉంటారు. అయినా నేను లేవను. కాకి ఎప్పుడు వాలితే అప్పుడే వాలనీ అని, ఆ విస్తరి పక్కనే కూర్చుంటాను.